ఆలోచన మూర్ఛను తెస్తుందా, ఆపుతుందా?

మూర్ఛ వ్యాధి ఉన్న పిల్లల ఇళ్లలో రెండు మాటలు తరచుగా వినిపిస్తుంటాయి. “చదివి చదివి మెదడు వేడెక్కింది, అందుకే ఫిట్స్ వస్తున్నాయి. పుస్తకాలు పక్కన పెట్టించండి” అనేది మొదటిది. “మనసు గట్టిగా ఉంచుకుంటే మిర్గీ దగ్గరికి రాదు. జీవితాంతం ఈ మాత్రలెందుకు?” అనేది రెండోది. పైకి ఇవి ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి. కాని రెండింటి వెనుకా ఉన్న భావన ఒక్కటే. మనసులో జరిగేదానికీ, మెదడులో పుట్టే మూర్ఛకూ సంబంధం ఉన్నదన్నదే ఆ భావన.

ఈ భావన అబద్ధం కాదు. వైద్యశాస్త్రం దీనిని చాలాకాలంగా పరిశీలిస్తూనే ఉంది. అయితే అందులో ఉన్న నిజం ఎంత, ఏ మేరకు అన్నది తెలియకపోతే హాని జరుగుతుంది. మొదటి మాట నమ్మిన ఇంట్లో ఆడపిల్ల ఇంటర్మీడియట్ మధ్యలోనే ఆగిపోతుంది. రెండో మాట నమ్మిన ఇంట్లో యువకుడు మాత్రలు మానేసి, ఏ రోడ్డు మీదనో, ఏ యంత్రం పక్కనో కుప్పకూలుతాడు. కనుక ఆలోచన మూర్ఛపై నిజంగా ఎంత ప్రభావం చూపగలదో ఈ నెల తెలుసుకుందాం.

మెదడులో ఏం జరుగుతుంది?

మన మెదడులోని నాడీకణాలు అతి స్వల్పమైన విద్యుత్ సంకేతాలతో ఒకదానితో ఒకటి సంభాషిస్తుంటాయి. సాధారణంగా ఏ కణ సమూహం పని అది చేసుకుంటుంది. ఎప్పుడైనా ఒక సమూహం అదుపు తప్పి, ఒక్కసారిగా, అతిగా సంకేతాలు వెదజల్లితే దానినే మూర్ఛ అంటాము. ఆ అలజడి ఒక మూలకే పరిమితమైతే చేయి అదరవచ్చు, వింత వాసన తోచవచ్చు, కొన్ని క్షణాలు స్పృహ మసకబారవచ్చు. మెదడంతా వ్యాపిస్తే మనిషి పడిపోయి కొట్టుకుంటాడు.

ఈ విద్యుత్తును మనిషి తలపై నుండి తొలిసారి నమోదు చేసినవాడు జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్. 1924లో ఆయన ఈ పని మొదలుపెట్టి 1929లో ప్రకటించాడు. నేడు ఆసుపత్రుల్లో చేసే ఈఈజీ పరీక్షకు పునాది అదే. కళ్లు మూసుకుని విశ్రాంతిగా కూర్చున్న మనిషిలో ఒక నిలకడైన లయ కనిపించడం, కళ్లు తెరిచినప్పుడు, మనసు ఏదైనా పనిలో లీనమైనప్పుడు ఆ లయ తగ్గిపోవడం ఆ తొలి పరిశోధనల్లోనే తేలింది. అంటే ఆలోచన గాలిలో జరిగేది కాదు. అది మెదడు విద్యుత్తును మార్చే ఒక పని. ఆరోగ్యవంతుల మెదడులో ఇది నిజమైతే, మూర్ఛ ఉన్న మెదడులో ఎందుకు కాకూడదు?

దీనిని అర్థం చేసుకోవడానికి సింగరేణి ప్రాంతపు పాఠకులకు దూరం వెళ్లవలసిన అవసరం లేదు. పెద్దపల్లి జిల్లాలోని కమాన్‌పూర్, సెంటినరీ కాలనీ, గోదావరిఖని వాసులకు బొగ్గు కుప్ప తనంతట తానే రాజుకోవడం కొత్త విషయం కాదు. కుప్ప లోపల ఒకచోట నిప్పు రగులుతూ ఉంటుంది. దాని చుట్టూ ఉన్న బొగ్గు పూర్తిగా చల్లగా ఉండదు, పూర్తిగా అంటుకుని కూడా ఉండదు. గాలి ఎటు వీచింది, నీళ్లు పడ్డాయా లేదా అన్నదాన్ని బట్టి అది చల్లబడవచ్చు, మండవచ్చు. లోపలి నిప్పు అక్కడికే పరిమితమవుతుందా, కుప్పంతా పాకుతుందా అన్నది ఈ చుట్టుపక్కల బొగ్గు మీద ఆధారపడి ఉంటుంది.

మూర్ఛ కేంద్రంలోనూ దాదాపు ఇదే జరుగుతుందని అమెరికా శాస్త్రవేత్త జోన్ లాకార్డ్ కోతులపై జరిపిన పరిశోధనలు సూచించాయి. గాయపడిన చోటి నడిమధ్యలో ఎప్పుడూ అసహజంగానే సంకేతాలు పంపే కణాలుంటాయి. వాటి చుట్టూ పాక్షికంగా దెబ్బతిన్న కణాలుంటాయి. ఈ రెండో రకం కణాలు ఒక్కోసారి మామూలుగా పనిచేస్తాయి, ఒక్కోసారి మొదటి వాటితో గొంతు కలుపుతాయి. ఎక్కువ కణాలు గొంతు కలిపితే మూర్ఛ వస్తుంది, లేకుంటే రాదు. బ్రిటన్‌కు చెందిన వైద్యుడు పీటర్ ఫెన్విక్ ఈ అవగాహనను మనుషులకు అన్వయించాడు. ఈ రెండో రకం కణాలే రోజువారీ ఆలోచన, కదలిక, ఉద్వేగం వంటి పనుల్లోనూ పాల్గొంటాయి గనుక, మనిషి మానసిక స్థితి మూర్ఛను రెచ్చగొట్టగలదు, అణచనూగలదు అని ఆయన వివరించాడు. ఇక్కడొక విషయం గుర్తుంచుకోవాలి. ఆలోచన చుట్టుపక్కల బొగ్గును మాత్రమే ప్రభావితం చేస్తుంది. లోపలి నిప్పును అది పుట్టించలేదు, ఆర్పలేదు.

ఆలోచన రెచ్చగొట్టే సందర్భాలు

1962లో ఇంగ్వార్, నీమన్ అనే ఇద్దరు వైద్యులు, లెక్కలు చేస్తే మూర్ఛ వచ్చే ఒక రోగి గురించి వైద్య పత్రికలో వివరించారు. ఆ తర్వాత చదరంగం ఆడుతూ, క్లిష్టమైన నిర్ణయాలు తీసుకుంటూ మూర్ఛకు లోనైనవారి గురించీ నివేదికలు వచ్చాయి. పుస్తకం చదువుతున్నప్పుడు దవడ అదరడంతో మొదలయ్యే మూర్ఛ మరొక రకం.

ఇవి చదివి తల్లిదండ్రులు భయపడనవసరం లేదు. ఇలాంటి వారు ఎంతమంది ఉంటారో చెప్పే ఒక మంచి అధ్యయనం జపాన్ నుండి 2000లో వెలువడింది. 480 మంది మూర్ఛ రోగులకు ఈఈజీ తీస్తూ చదవడం, రాయడం, లెక్కలు చేయడం, బొమ్మలు అమర్చడం వంటి పనులు చేయించారు. వారిలో 38 మందిలో మాత్రమే, అంటే నూటికి ఎనిమిది మందిలో, ఆ పనులు అసహజ విద్యుత్తును రెచ్చగొట్టాయి. ఆ కొద్దిమందిలోనూ ఊరికే చదవడం, మనసులో లెక్క వేయడం కంటే, ఆలోచిస్తూ చేతితో చేసే పనులే ఎక్కువగా కారణమయ్యాయి. ఇంకా ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, విశ్రాంతి సమయంలో అసహజ విద్యుత్తు కనిపించిన అనేకమందిలో మనసుకు పని చెప్పగానే అది తగ్గిపోయింది.

కాబట్టి “చదువు వల్ల ఫిట్స్” అనే మాట అత్యధిక పిల్లల విషయంలో సరికాదు. పరీక్షల కాలంలో మూర్ఛ ఎక్కువైతే ముందుగా అనుమానించవలసింది పుస్తకాన్ని కాదు. రాత్రి రెండింటి వరకు మేల్కొనడాన్ని, హడావుడిలో మాత్ర మరచిపోవడాన్ని, తిండి మానేయడాన్ని, తప్పుతానేమోనన్న భయాన్ని అనుమానించాలి.

ఆలోచన ఆపే సందర్భాలు

దీనికి ఉదాహరణగా వైద్యులు నేటికీ ప్రస్తావించే ఉదంతం ఒకటుంది. రాబర్ట్ ఎఫ్రాన్ అనే వైద్యుడు దానిని 1956, 1957 సంవత్సరాల్లో ప్రచురించాడు. ఒక గాయని మూర్ఛకు ముందు కొన్ని సంకేతాలను అనుభవించేది. ఆ తొలి దశలోనే ఘాటైన వాసన చూపిస్తే మూర్ఛ ముందుకు సాగకుండా ఆగిపోతోందని ఎఫ్రాన్ గమనించాడు. తర్వాత ఆమె చేతి కడియాన్ని చూస్తుండగా మల్లె పరిమళాన్ని పదే పదే వాసన చూపించాడు. కొన్నాళ్లకు మల్లె పరిమళం అవసరం లేకపోయింది. కడియాన్ని చూస్తే చాలు మూర్ఛ ఆగేది. చివరకు కడియాన్ని మనసులో తలచుకున్నా ఆగేది.

మన ఇళ్లలో మూర్ఛ వచ్చిన మనిషికి ఉల్లిగడ్డ వాసన చూపించడం, చెప్పు వాసన చూపించడం, చేతిలో తాళం చెవులు పెట్టడం ఇందుకేనా అని కొందరు అడగవచ్చు. కాదు. ఎఫ్రాన్ రోగి స్పృహలో ఉండగానే, మూర్ఛ ఒక మూలలో మొదలైన క్షణంలోనే ఆ పని జరిగింది. పైగా అది ఆమెకున్న ప్రత్యేక రకపు మూర్ఛ. పడిపోయి కొట్టుకుంటున్న మనిషికి వాసన తెలియదు, ఇనుము తగలదు. చాలా మూర్ఛలు ఒకటి రెండు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. సరిగ్గా ఆ సమయానికి చేతిలో తాళం చెవులు ఉంటాయి గనుక ఆ ఘనత వాటికి దక్కుతోంది.

మనసు అణచివేతకు మరో నిత్యోదాహరణ చిన్నపిల్లల్లో కనిపిస్తుంది. కొందరు పిల్లలు మాట్లాడుతూ మాట్లాడుతూ కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తూ ఆగిపోతారు. పడిపోరు, కొట్టుకోరు. మళ్లీ ఏమీ జరగనట్టే మాట కొనసాగిస్తారు. తరగతిలో దీనిని పరధ్యానం అనుకుని ఉపాధ్యాయులు మందలిస్తుంటారు. నిజానికి ఇదీ మూర్ఛలో ఒక రకమే. ఇష్టమైన పనిలో, తన స్థాయికి తగిన పనిలో నిమగ్నమైనప్పుడు ఈ పిల్లల్లో ఇవి తగ్గుతాయి. విసుగుగా, ఊరికే కూర్చున్నప్పుడు ఎక్కువవుతాయి. ఇలాంటి బిడ్డను బడి మాన్పించి మూలన కూర్చోబెట్టడం అంటే, మేలు చేసేదాన్ని లాక్కుని కీడు చేసేదాన్ని చేతికివ్వడమే.

అసలు శత్రువు నిద్రలేమి

షిఫ్టులతో నడిచే గని ప్రాంతంలో ఈ అంశానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. ఇంటి పెద్ద ఒక వారం మొదటి షిఫ్టు, మరో వారం నైట్ షిఫ్టు చేస్తుంటే ఆయన నిద్రే కాదు, ఇంటిల్లిపాది నిద్ర వేళలూ మారిపోతాయి. ఇరుకైన క్వార్టర్‌లో తెల్లవారుజామున ఒకరు బయలుదేరితే అందరూ లేస్తారు. మూర్ఛ ఉన్న వ్యక్తికి నిద్ర లేకపోవడం బొగ్గు కుప్పకు ఈదురుగాలి తగలడం వంటిది.

యుక్తవయసులో, సుమారు 12 నుండి 18 ఏళ్ల మధ్య మొదలయ్యే ఒక రకం మూర్ఛలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. ఉదయం లేవగానే చేతులు ఉలిక్కిపడినట్లు అదురుతాయి. చేతిలోని టీ కప్పు, టూత్‌బ్రష్ జారిపడతాయి. ఇంట్లో “అజాగ్రత్త” అని తిడతారు. కొన్ని నెలల తర్వాత, సరిగా నిద్రలేని ఒక రాత్రి గడిచాక, పెద్ద మూర్ఛ వస్తుంది. రమజాన్‌లో తరావీహ్ తర్వాత ఆలస్యంగా పడుకుని సహరీకి లేచినప్పుడు, పెళ్లిళ్ల రాత్రుల తర్వాత, జాగారాల మరునాడు ఈ పిల్లలను గమనించండి. సహరీ వేళ పదే పదే కప్పు జారవిడిచే బిడ్డను తిట్టకండి, వైద్యునికి చూపించండి. జపాన్ అధ్యయనంలో ఆలోచనతో రెచ్చిన కొద్దిమందిలో ఇలాంటి రకపు మూర్ఛలే ఎక్కువ. వీరికి కూడా పరిష్కారం చదువు మాన్పించడం కాదు. సరైన మందు, క్రమబద్ధమైన నిద్ర.

మరొకటి వేడి నీటి స్నానం. తలపై వేడి నీళ్లు పోసుకుంటే వచ్చే మూర్ఛ ప్రపంచంలో అరుదు. కాని దక్షిణ భారతంలో, ముఖ్యంగా కర్ణాటకలో, ఎక్కువగా నమోదైంది. బెంగళూరులోని నిమ్హాన్స్ వైద్యులు దీనిపై విస్తృతంగా పరిశోధించారు. గుసుల్ చేసే వేళ ఎవరికైనా ఇలా జరిగితే గోరువెచ్చని నీటితో సరిపెట్టుకోవాలి. స్నానాల గదికి లోపల గడియ పెట్టుకోకూడదు.

ఉపవాసాల విషయంలో సొంత నిర్ణయం వద్దు. రోగికి రోజాను వాయిదా వేసుకునే సౌలభ్యాన్ని దివ్య ఖుర్ఆనే ఇచ్చింది. రోజుకు రెండు మూడు సార్లు మాత్ర వేసుకునేవారు రమజాన్‌కు నెల ముందే వైద్యుని కలిసి, మోతాదు మార్చవచ్చునో లేదో అడగాలి. మూర్ఛ ఇంకా అదుపులో లేనివారు పట్టుదలకు పోకూడదు.

మనసును సాధనంగా వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు, కాని మందుతో పాటు. మందులు వాడుతున్నా మూర్ఛలు ఆగని 66 మందిపై అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. ఒక వర్గానికి శరీర కండరాలను క్రమంగా బిగించి సడలించే పద్ధతి నేర్పారు. మరో వర్గానికి ఏకాగ్రతతో కూడిన చిన్న పని అప్పగించారు. అందరూ తమ మందులను కొనసాగించారు. మొదటి వర్గంలో మూర్ఛలు 29 శాతం, రెండో వర్గంలో 25 శాతం తగ్గాయి. రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. దీని నుండి గ్రహించవలసింది రెండు విషయాలు. మనసును నిలకడగా, క్రమం తప్పకుండా ఒక సాధనలో పెట్టడం కొంత మేలు చేయవచ్చు. అయితే ఆ మేలు పాతిక, ముప్పై శాతమే గాని నూరు శాతం కాదు.

దీనిని మందులతో పోల్చి చూడండి. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ వ్యాధి ఉందని, సరైన నిర్ధారణ, చికిత్స అందితే వారిలో 70 శాతం వరకు మూర్ఛలు లేకుండా జీవించగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నమాజులో నిలకడ, జిక్ర్‌లో ప్రశాంతత మనిషి ఆందోళనను తగ్గిస్తాయి. ఆందోళన తగ్గడం రోగికి మంచిదే. కాని వాటిని మాత్రకు బదులుగా నిలబెట్టడం ఆరాధనకూ న్యాయం కాదు, వైద్యానికీ న్యాయం కాదు.

సిగ్గుపడవలసిన జబ్బు కాదు

ఇస్లామీయ చరిత్రలో మూర్ఛ వ్యాధిగ్రస్తురాలి ప్రస్తావన గౌరవంతో కూడినది. సహీహ్ బుఖారీలోని ఉల్లేఖనం ప్రకారం, ఇబ్నె అబ్బాస్ (రజి) తన శిష్యుడు అతా బిన్ అబీ రబాహ్‌కు ఒక నల్లని స్త్రీని చూపి ఆమె స్వర్గవాసి అని చెప్పారు. ఆమె దైవప్రవక్త ముహమ్మద్ (స) వద్దకు వచ్చి, తనకు మూర్ఛ వస్తోందని, ఆ సమయంలో ఒంటిపై బట్టలు తొలగిపోతున్నాయని చెప్పుకుంది. సహనం వహిస్తే స్వర్గం లభిస్తుందని, కోరుకుంటే స్వస్థత కోసం దుఆ చేస్తానని ఆయన ఆమెకే ఎంపికను వదిలారు. ఆమె సహనాన్నే ఎంచుకుంది. బట్టలు తొలగిపోకుండా మాత్రం దుఆ చేయమని కోరింది. ఆయన దుఆ చేశారు.

ఈ ఉల్లేఖనంలో ఆ స్త్రీని ఎవరూ నిందించలేదు, దాచిపెట్టలేదు. ఆమె స్వయంగా వచ్చి తన బాధ చెప్పుకుంది. ఆమె మానానికి విలువ దక్కింది. మరోవైపు ప్రతి వ్యాధికీ అల్లాహ్ చికిత్సను ఉంచాడని, చికిత్స చేయించుకోమని కూడా దైవప్రవక్త (స) బోధించారు. వేయి సంవత్సరాల క్రితమే ఇబ్నె సీనా తన వైద్య గ్రంథం ‘అల్ ఖానూన్’లో మూర్ఛను మెదడు వ్యాధులలో చేర్చి చర్చించాడు. అలాంటి వారసత్వం ఉన్న సమాజంలో నేటికీ తాయెత్తుల కోసం నెలల తరబడి తిరిగి, ఆ తర్వాత మాత్రమే వైద్యుని తలుపు తట్టడం విచారకరం.

దాపరికం పెళ్లి సంబంధాల దగ్గర, ఉద్యోగాల దగ్గర మరింత హాని చేస్తుంది. మన దేశంలో హిందూ వివాహ చట్టం, ప్రత్యేక వివాహ చట్టం ఒకప్పుడు మూర్ఛను ఉన్మాదం పక్కన చేర్చాయి. 1999లో పార్లమెంటు ఆ మాటను తొలగించింది. చట్టమే సరిదిద్దుకున్న విషయంలో మనం వెనుకబడి ఉండరాదు. నికాహ్‌కు ముందు నిజం చెప్పి చేసుకున్న సంబంధమే నిలుస్తుంది. పెళ్లి తర్వాత భయంతో దాచి మాత్రలు వేసుకునే అమ్మాయి ఏదో ఒక రోజు మాత్ర తప్పిస్తుంది. గర్భం ధరించాలనుకునే స్త్రీలు ముందుగానే వైద్యుని సంప్రదించాలి. కొన్ని మందులు గర్భస్థ శిశువుకు హాని చేయవచ్చు, కాని తమంతట తాము ఆపేయడం తల్లికే ప్రమాదం. అలాగే డంపర్, మోటారు సైకిల్ నడిపేవారు, కన్వేయర్ బెల్టు దగ్గర పనిచేసేవారు జబ్బును దాచడం తమ ప్రాణంతో పాటు తోటి కార్మికుల ప్రాణాలనూ పణంగా పెట్టడమే.

ఇంట్లో చేయవలసినవి

మూర్ఛ వచ్చినప్పుడు కాలం గమనించండి. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మెడ దగ్గర బిగుతును సడలించండి. తల కింద మెత్తని బట్ట ఉంచండి. ఒంటిపై దుపట్టా కప్పి మర్యాద కాపాడండి. నోట్లో చెంచా, బట్ట, నీళ్లు ఏవీ పెట్టకండి. కాళ్లు చేతులు అదిమి పట్టకండి. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే, లేదా స్పృహ రాకుండానే మళ్లీ మొదలైతే వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టండి. మూర్ఛ వచ్చిన తేదీ, వేళ, ముందు రాత్రి నిద్ర ఎన్ని గంటలు, మాత్ర వేసుకున్నారా, ఆ క్షణంలో ఏం చేస్తున్నారు, ఏం ఆలోచిస్తున్నారు అన్నవి రాయండి. మూడు నెలల్లో మీ బిడ్డ మూర్ఛను రెచ్చగొడుతున్నదేమిటో ఆ పుస్తకమే చాలావరకు చెబుతుంది. గోదావరిఖనిలో చూపించినా, వరంగల్ ఎంజీఎంకు, హైదరాబాద్ నిమ్స్‌కు వెళ్లినా ఆ పుస్తకం వెంట తీసుకువెళ్లండి. వైద్యునికి అది ఎంతో ఉపయోగపడుతుంది. ఒకవేళ నిజంగానే రాయడం, లెక్కలు చేయడం వల్లనే వస్తున్నదని తేలితే, ఆ సంగతి నిర్ణయించవలసినవాడు ఈఈజీ చూసిన నాడీవైద్యుడు, దాదీ నానీలు కాదు. అప్పుడు కూడా ఆయన మార్చేది మందును, చదివే పద్ధతిని. మధ్య మధ్య విశ్రాంతి తీసుకోమంటాడు. చదువు మానేయమనడు.

మనసు మూర్ఛను కొంత కదిలించగలదు, కొంత నిలువరించగలదు. ఆ శక్తి బిడ్డ చేతిలో ఉన్న వరం. దానికి మాత్ర తోడు కావాలి, నిద్ర తోడు కావాలి, ఇంటివారి ధైర్యం తోడు కావాలి. మీ ఇంట్లో మూర్ఛ కారణంగా అటక ఎక్కిన పుస్తకాలుంటే, ఈ వారమే వైద్యునితో మాట్లాడి వాటిని దించండి.